రాతి మీద పేరు: ఎర్రగుంట్ల సీమలో సైనికుల స్మృతి, మన తెగల చరిత్ర

ఎర్రగుంట్ల చుట్టుపక్కల నేల తవ్వితే నాపరాయి బయటపడుతుంది. ఊరి పొలిమేరల్లో గనులు, రోడ్డు వెంట పాలిష్ బండల ఫ్యాక్టరీలు, సున్నపురాయి మీద నడిచే సిమెంటు ఫ్యాక్టరీలు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల దిక్కు ఏ ఇంటికి పోయినా అరుగు మీద, వంటింట్లో, బడి వరండాలో ఈ బండే పరిచి ఉంటుంది. గనిలో బండ లేపే చేతుల్లో, లారీకి ఎత్తే భుజాల్లో మన తెగలవాళ్లవీ ఉన్నాయి.

ఈ సీమలో రాయికి ఇంకొక పని కూడా ఉంది. పోయిన మనిషి పేరును నిలపడం ఆ పని. ఎర్రగుంట్ల మండలంలోని కలమల్లలో రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనం ఉంది. సుమారు క్రీ.శ. 575 నాటిది. మనకు దొరికిన తొలి తెలుగు శాసనంగా పండితులు దాన్ని చెబుతారు. అంటే తెలుగు మాట రాతికెక్కింది ఈ నేల మీదే. ఆ రాతల వెంబడే, రాజుల కోసం, ఊరి కోసం పోరాడి చచ్చిపోయినవాళ్ల రాళ్లు కూడా రాయలసీమ అంతటా లేచాయి. వాటిని వీరగల్లులు అంటాం.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది సైనికులను గుర్తుపెట్టుకునే పద్ధతుల గురించి. వీరగల్లు కాలం నుంచి నేటి మాజీ సైనికుల సభల దాకా ఆ పద్ధతులు ఎట్లా వచ్చాయి, వాటిలో గిరిజనుల పేర్లు ఎక్కడ చేరాయి, ఎక్కడ జారిపోయాయి అన్నది మన పిల్లలకూ, పంతుళ్లకూ తెలియాలి. సైన్యం నుంచి తిరిగొచ్చిన పెద్దలు మన తండాల్లో, కాలనీల్లో ఉన్నారు. వాళ్లు ఉండగానే అడిగి రాసుకోవలసిన చరిత్ర ఇది.

వీరగల్లులను మన పిల్లలు చాలాసార్లు చూసే ఉంటారు. ఊరి బయట చింతచెట్టు కింద, చెరువు కట్ట మీద, గుడి వెనుక నిలబెట్టిన రాయి. దాని మీద విల్లో, కత్తో పట్టిన మనిషి బొమ్మ. కొన్నిటి మీద పై భాగంలో అతన్ని దేవలోకానికి తీసుకుపోయే స్త్రీలుంటారు. శాసనం ఉన్న వాటిని చదివితే వాళ్లు ఎందుకు చచ్చిపోయారో తెలుస్తుంది. రాజుల యుద్ధాల్లో పోయినవాళ్లు కొందరు. ఊరి పశువులను దొంగలు తోలుకుపోతుంటే అడ్డం తిరిగి పోయినవాళ్లు కొందరు. పులితోనో, పందితోనో పెనుగులాడి పోయినవాళ్లు ఇంకొందరు. ఊరి మంద కోసం చచ్చిన కాపరికి కూడా రాయి నిలిపారంటే, అప్పటి జనం వీరుణ్ణి చూసిన చూపు కొంచెం వెడల్పైనదే.

ఇంకొక మాట గమనించాలి. పోయినవాని కుటుంబానికి పొలం ఇచ్చిన శాసనాలు కన్నడ, తెలుగు సీమల్లో ఉన్నాయి. కన్నడంలో అట్లాంటి భూమిని నెత్తరు గొడగె అంటారు, అంటే నెత్తురుకు బదులుగా ఇచ్చిన మాన్యం. రాయి ఊరికి గుర్తు, పొలం ఆ ఇంటికి కూడు. ఈ రెండూ కలిస్తేనే ఆనాటివాళ్లు దాన్ని గౌరవం అనుకున్నారు. నేటి కుటుంబ పింఛనుకు ఇది పాత రూపం అనుకోవచ్చు.

వీరులను ఏటేటా తలుచుకునే పద్ధతికి తెలుగునాట పెద్ద ఉదాహరణ పల్నాడు. కారెంపూడిలో కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు వీరుల పండుగ జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఒక్కో రోజుకు ఒక్కో పేరు. వీరుల వంశాల వాళ్లమని చెప్పుకునే కుటుంబాలు దూరాల నుంచి ఆయుధాలు తెచ్చి, వాటినే వీరులుగా కొలుస్తారు. వీరవిద్యావంతులు కథ పాడతారు. చాపకూడు పేరుతో కులాలు చూడకుండా ఒకే వరుసలో కూర్చుని తినే ఆచారం కూడా ఆ పండుగలో ఉంది. దాదాపు ఎనిమిది వందల ఏళ్ల కిందటి యుద్ధం ఇంకా జనానికి గుర్తుందంటే అది రాయి ఒక్కదాని వల్ల కాదు. ఆయుధం తెచ్చే ఇల్లు, పాడే నోరు, కలిసి తినే బంతి ఉన్నందువల్ల గుర్తుంది.

రాయి నిలపడం మన తెగలకు కొత్తది కాదు. శ్రీకాకుళం, మన్యం కొండల్లో సవరలు గ్వార్ అనే కర్మ చేసి చనిపోయినవాళ్ల పేరున రాళ్లు పాతుతారు. గదబల్లోనూ పోయినవాళ్ల కోసం పెద్ద రాళ్లు నిలిపే ఆచారం ఉంది. గోదావరి పక్క కోయలు కూడా చచ్చిపోయిన పెద్దలకు రాళ్లు నిలిపి, బలిచ్చిన పశువు తోకను ఆ రాతికి కట్టేవాళ్లు. బస్తర్ మారియాలు చెక్క కంబాల మీద, రాళ్ల మీద పోయినవాని బతుకును బొమ్మలుగా దించుతారు. ఆ రాళ్ల మీద అక్షరం లేకపోవచ్చు. ఏ రాయి ఎవరిదో మాత్రం ఊరికి తెలుసు.

మన కడప జిల్లా సుగాలీల దగ్గరికి వస్తే, మనది ఎద్దుల మీద సరుకేసుకుని ఊరూరూ తిరిగిన జాతి. ఒకచోట నిలవని వాళ్లకు రాయి పాతడం కుదరదు. అందుకని మన పెద్దలు జ్ఞాపకాన్ని నిప్పులోనూ నోట్లోనూ దాచారు. దీపావళి అమావాస్యనాడు నిప్పుల మీద నెయ్యి, బెల్లం, తీపి వంట వేసి, పోయిన పెద్దలను పేరుపేరునా పిలుస్తాం. ఆడపిల్లలు దీపం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మేరా చెబుతారు. తండా ఎక్కడికి కదిలినా ఆ పేర్లు వెంట వస్తాయి. ఆ పేర్ల వరుసలో సైన్యంతో నడిచిన తాతలూ ఉన్నారు. వాళ్ల సంగతి ఇప్పుడు చెబుతాం.

రైళ్లు లేని కాలంలో దక్కన్‌లో ఏ సైన్యం కదలాలన్నా దాని కడుపు నింపింది లంబాడీల ఎద్దులే. మొగలులు వచ్చినా, నిజాం వచ్చినా, మరాఠాలు వచ్చినా ధాన్యం తెచ్చింది మన లదేణి. 1791, 1792 లలో కారన్‌వాలిస్ టిప్పు సుల్తాను మీదికి శ్రీరంగపట్నం పోయినప్పుడు సైన్యానికి తిండి లేక ఇబ్బంది పడితే, బంజారాల ఎద్దుల మందలే ఆదుకున్నాయి. 1803లో ఆర్థర్ వెల్లెస్లీ మరాఠాల మీద చేసిన యుద్ధంలోనూ వీళ్ల మీదే ఆధారపడ్డాడు. ఆ దొరల కాగితాల్లో మనవాళ్ల ప్రస్తావన ఉంది. అయితే ఎక్కువగా ఎన్ని ఎద్దులు, ఎన్ని బస్తాలు అన్న లెక్కే రాశారు. గెలిచిన సేనాపతుల పేర విగ్రహాలు లేచాయి. ధాన్యం మోసిన నాయకుల పేర్లు తండాల నోళ్లలోనే మిగిలాయి.

1800లో కడప సీమ నిజాం చేతి నుంచి కంపెనీ చేతికి వచ్చింది. ఆ తర్వాత రోడ్లు పడ్డాయి, బండ్లు పెరిగాయి. చివరికి రైలు వచ్చింది. మద్రాసు నుంచి కడప, ఎర్రగుంట్ల, గుత్తి మీదుగా సాగిన రైలుమార్గం 1871లో రాయచూరు దగ్గర బొంబాయి మార్గంతో కలిసింది. అంతటితో ఎద్దుల మీద సరుకు తోలే బతుకుకు కాలం తీరింది. విచిత్రం ఏమంటే, అదే 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. మొదట ఉత్తరాదికి తెచ్చిన ఆ చట్టం, 1911 నాటి కొత్త రూపంలో మద్రాసు రాజధానికీ వర్తించింది. ఎరుకలవాళ్లు, ఇంకా కొన్ని తెగలు దాని కింద పడ్డారు. పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసి, పోలీసు స్టేషన్లో హాజరు వేయించుకోవాలన్నారు. స్టువర్టుపురం, సిద్ధాపురం, కావలి వంటి చోట్ల సెటిల్‌మెంట్లు పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1952 ఆగస్టు 31న గానీ దేశమంతటా ఆ చట్టం పోలేదు.

దాదాపు అదే కాలంలో ఇంకొక ముద్ర తెలుగువాళ్లందరి మీదా పడింది. 18వ శతాబ్దంలో కంపెనీ సైన్యంలో తెలుగు సిపాయిలు ఎంతమంది ఉండేవాళ్లంటే, ఉత్తరాదిన సిపాయి అనే మాటకు బదులు తిలంగా అనేవాళ్లు. నేటి మద్రాసు రెజిమెంటు తన పుట్టుకను 1758 నుంచి లెక్కపెట్టుకుంటుంది. అట్లాంటిది 19వ శతాబ్దం చివర, 1885 నుంచి 1893 దాకా భారత సేనాపతిగా ఉన్న లార్డ్ రాబర్ట్స్ వంటి వాళ్లు యుద్ధజాతులు అనే సిద్ధాంతం పట్టుకున్నారు. పంజాబీలు, గూర్ఖాలు, పఠాన్లు పోరాడే జాతులట, దక్షిణాదివాళ్లు పనికిరారట. దాంతో తెలుగువాళ్ల భర్తీ బాగా తగ్గించేశారు.

ఈ రెండు ముద్రలూ పక్కపక్కన పెట్టి చూడాలని పంతుళ్లకు మా విన్నపం. ఒక ముద్ర మనల్ని పుట్టుదొంగలంది. రెండోది మన సీమవాళ్లను పిరికిపందలంది. పుట్టుకను బట్టి గుణం చెప్పడమే రెండిటి లోపలా ఉన్న తప్పు. ఒక గిరిజన పిల్లవాడు సైన్యంలో చేరి పదిహేనేళ్లు పనిచేసి మెడల్‌తో ఇంటికి వచ్చాడంటే, ఈ రెండు రాతలకూ అతని బతుకే జవాబు. పోలీసు స్టేషన్లో తాత వేసిన హాజరు ఒకటి, రెజిమెంటులో మనవడు వేసిన హాజరు ఒకటి. రెండూ మన చరిత్రే.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి మనుషులు చాలక, వద్దన్నవాళ్లనే మళ్లీ పిలిచారు. 1917లో ఫ్రాన్సుకు పంపిన కూలి దళాల్లో సుమారు 50 వేల మంది భారతీయులు ఉన్నారు. వాళ్లలో సంతాలులు, ఒరావులు, ముండాలు, నాగాలు, లుషాయీలు, ఖాసీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. తుపాకి పట్టలేదు గానీ రోడ్లు వేశారు, చెట్లు నరికారు, ఓడల సరుకు దించారు, గుండ్లు పేలిన నేలను సరిచేశారు. యుద్ధం ముగిశాక మద్రాసు రాజధానిలోని ఊళ్లలోనూ చిన్న రాతి పలకలు పెట్టారు. ఈ ఊరి నుంచి ఇంతమంది మహాయుద్ధానికి పోయారు, ఇంతమంది ప్రాణాలిచ్చారు అని వాటి మీద ఉంటుంది. సంఖ్య ఉంటుంది, పేరు ఉండదు. 1931లో ఢిల్లీలో కట్టిన ఇండియా గేటు మీద 13 వేలకు పైగా పేర్లు చెక్కారు. ఆ కట్టడం గుర్తుచేసే మృతులు మాత్రం 70 వేలకు పైమాటే.

స్వతంత్ర భారతంలో ఈ తీరు కొంత మారింది. 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో 25 వేలకు పైగా సైనికుల పేర్లు గ్రానైటు పలకల మీద ఉన్నాయి. హోదా చిన్నదైనా పెద్దదైనా ప్రతి మనిషికీ ఒక పలక. ఆ పేర్లలో లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా పేరు మన పిల్లలందరికీ తెలియాలి. జార్ఖండ్ గుమ్లా ప్రాంతపు ఒరావు గిరిజనుడు. 1971 డిసెంబరు 3న అగర్తలాకు దగ్గరలోని గంగాసాగర్ పోరులో, గాయాలతోనే శత్రువు మెషీన్ గన్‌ను ఆపి ప్రాణం విడిచాడు. ఆయనకు పరమవీర చక్ర ఇచ్చారు. రాంచీ నడిబొడ్డున ఆయన పేర కూడలి ఉంది. 2023లో అండమాన్‌లో ఒక దీవికి ఆయన పేరు పెట్టారు. ఇన్ని ఉన్నా ఆయన ఇంటివాళ్లకు ఒక కొరత మిగిలింది. ఆయన్ను ఖననం చేసింది దూరాన త్రిపురలో. నలభై ఏళ్లు దాటాక అక్కడి మట్టి సొంత ఊరికి చేరింది. దీవికి పేరు పెట్టడం దేశం చేసిన పని, మట్టి తెచ్చుకోవడం ఇంటి పని. గిరిజన కుటుంబానికి ఆ మట్టి ఎందుకు కావలసి వచ్చిందో గ్వార్ రాయిని చూసినవాళ్లకు చెప్పనక్కరలేదు.

మన రాయలసీమలోనే ఇటీవలి ఉదాహరణ ఉంది. శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ 2025 మే నెలలో జమ్మూ కశ్మీరు సరిహద్దులో అమరుడయ్యాడు. ఒక చిన్న సుగాలీ తండాకు మంత్రులు, అధికారులు, వేలమంది జనం వచ్చి సైనిక లాంఛనాలతో సాగనంపారు. ఎన్నో తరాలు సైన్యాల వెనుక ధాన్యం మోసిన జాతిలో ఒక పిల్లవాని పేరు ఆ రోజు దేశమంతా పలికింది. ఆ తల్లిదండ్రుల కడుపుకోతను ఏ గౌరవమూ తీర్చదు. ఆ పేరును నిలుపుకోవలసిన బాధ్యత మాత్రం మనందరిదీ.

ఇక తిరిగొచ్చినవాళ్ల సంగతి. సిపాయిగా చేరినవాడు పదిహేను, పదిహేడేళ్లు చేసి, నలభై దాటకముందే ఇంటికి వస్తాడు. వెల్లింగ్టన్‌లోనో, గోల్కొండ ఆర్టిలరీ సెంటర్లోనో శిక్షణ పొంది, సియాచిన్ చలీ, రాజస్థాన్ ఎండా చూసినవాడు. ఇంటికి వచ్చాక బ్యాంకు గార్డుగానో, ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీగానో రెండో బతుకు మొదలుపెడతాడు. కొందరు పొలం చూసుకుంటారు, కొందరు పిల్లలకు పరుగు నేర్పుతారు. తెల్లవారుజామున బడి మైదానంలో పిల్లలను పరిగెత్తించే మామను చూస్తే ఆ ఊళ్లో మాజీ సైనికుడున్నాడని తెలిసిపోతుంది.

వీళ్ల సామూహిక జీవితానికి కొన్ని రోజులు పట్టుకొమ్మలు. ఆగస్టు 15, జనవరి 26 ఎటూ ఉన్నాయి. జూలై 26 కార్గిల్ విజయ దినం. డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినం, 1949 నుంచి జరుగుతోంది. ఆ రోజు బడుల్లో పంచే చిన్న జెండాల డబ్బు సైనిక కుటుంబాల సంక్షేమానికి పోతుంది. డిసెంబరు 16, 1971 యుద్ధ విజయ దినం. జనవరి 14 మాజీ సైనికుల దినం. తొలి భారతీయ సేనాపతి కరియప్ప 1953లో అదే రోజు పదవీ విరమణ చేశారు. మనవైపు ఆ రోజులు సంక్రాంతివి. పెద్దలకు కొత్తబట్టలు పెట్టి, వండినవి పెట్టి దండం పెట్టుకునే పండుగ అది. సైన్యం పెట్టిన రోజూ, ఇంట్లో పెద్దలను తలుచుకునే రోజూ ఒకచోట పడటం మనకు కలిసొచ్చిన విషయం. మధ్యాహ్నం సభలో కలిసి మౌనం పాటించినవాళ్లు, ఇంట్లో పెద్దలకు పెట్టేటప్పుడు తమతో పనిచేసి పోయినవాళ్ల పేర్లు కూడా పిల్లలకు చెప్పవచ్చు.

పెన్షన్ కాగితాలు, క్యాంటీన్ కార్డు, ఈసీహెచ్ఎస్ వైద్యం, నవంబరులో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ – ఇవన్నీ కూడా వీళ్లను కలిపి ఉంచేవే. ఒకరికి కాగితం అర్థం కాకపోతే ఇంకొకరు తోడు పోతారు. ముఖ్యంగా భర్త పోయిన ఆడవాళ్లకు ఈ తోడు అవసరం. గిరిజన కుటుంబాల్లో ఒక చిక్కు తరచుగా వస్తుంది. డిశ్చార్జి పుస్తకంలో భార్య పేరు ఒకటి ఉంటుంది, ఆధార్‌లో ఇంకొకటి. తండాలో పిలిచే పేరు వేరు, బడిలో రాసిన పేరు వేరు, రెజిమెంటు గుమాస్తా విని రాసుకున్న పేరు వేరు. పేరు కలవకపోతే కుటుంబ పింఛను ఆగిపోతుంది. నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరగాలి. చదువుకున్న మన పిల్లలు ఒక పూట కూర్చుని ఆ పేర్లు సరిచూసి, భర్త బతికుండగానే దిద్దించగలిగితే, అది ఏ దండకంటే, ఏ ఉపన్యాసం కంటే గొప్ప సేవ. వీరగల్లు పక్కన పొలం ఇచ్చిన ఆనాటి పెద్దలకు ఈ సంగతి తెలుసు.

యువకులు ఇంకొకటి గమనించాలి. 2022లో వచ్చిన అగ్నిపథ్ పద్ధతిలో సేవ నాలుగేళ్లు. అందులో నాలుగో వంతు మందిని కొనసాగించి, మిగిలినవాళ్లను ఏకమొత్తం డబ్బుతో పంపిస్తారు, పింఛను ఉండదు. అంటే ముందు ముందు మన తండాల్లో పాతికేళ్లు నిండకుండానే మాజీ సైనికులయ్యేవాళ్లు ఉంటారు. పాత హవల్దారు మామలు వాళ్లను తమలో కలుపుకోవాలి. కూడిక లేకపోతే జ్ఞాపకమూ ఉండదు.

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం మండలంలో మాధవరం అనే ఊరుంది. తరతరాలుగా ఇంటింటి నుంచీ సైన్యంలోకి పోయినందువల్ల దాన్ని మిలటరీ మాధవరం అంటారు. యుద్ధాల్లో పోయినవాళ్లకు ఆ ఊళ్లో స్మారకం ఉంది. ఆ ఊరు తన లెక్క తానే రాసుకుంది కాబట్టి అందరికీ తెలిసింది. మన తండాలూ, ఎరుకల, యానాది కాలనీలూ అదే పని చేయవచ్చు.

దానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. బడి పిల్లలు ఒక నోటు పుస్తకం తీసుకుని ఇల్లిల్లూ తిరగాలి. సైన్యంలో ఎవరు చేరారు, ఏ సంవత్సరంలో, ఏ రెజిమెంటులో, ఎక్కడెక్కడ పనిచేశారు, ఎప్పుడు తిరిగొచ్చారు అని అడగాలి. డిశ్చార్జి పుస్తకం ఉంటే చూసి రాయాలి. అనుమానం ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగాలి. మగవాళ్లను మాత్రమే అడిగి ఊరుకోకూడదు. అతను బార్డర్‌లో ఉన్న ఏళ్లలో ఇల్లు నడిపింది ఎవరు, ఉత్తరం ఎవరు చదివి పెట్టారు, కాన్పు ఎట్లా జరిగింది అని అవ్వలను, అమ్మలను అడగాలి. ఏ భాషలో చెబితే ఆ భాషలోనే రాసుకోవాలి. గోర్ బోలీలో చెప్పిన మాటను తెలుగు లిపిలో రాయడం పిల్లలకు కష్టం కాదు. వినని గొప్పలు చేర్చవద్దు. వంటవాడిగా చేసినవాణ్ణి వంటవాడనే రాయాలి. ఎద్దులతో ధాన్యం మోసినవాళ్ల వారసులం మనం, సైన్యం కడుపు నింపే పని చిన్నదని ఎట్లా అంటాం?

లెక్క పూర్తయ్యాక ఒక నాపబండ తెచ్చుకుందాం. గనిలో లేపేది మనవాళ్లే, పాలిష్ చేసేది మనవాళ్లే. చెక్కేవాణ్ణి పిలిచి, పోయినవాళ్ల పేర్లు, తిరిగొచ్చినవాళ్ల పేర్లు, వాళ్ల తల్లుల పేర్లతో సహా చెక్కించి బడి గోడకు నిలుపుదాం. కింద కొంత జాగా ఖాళీగా ఉంచుదాం. అక్కడ ఇంకొక అమరుని పేరు రాకూడదనే ఏ తండా అయినా కోరుకుంటుంది. చేరి, చేసి, క్షేమంగా తిరిగొచ్చినవాళ్ల పేర్లతో ఆ జాగా నిండితే చాలు.